ఆరు వందల నలభై తీగలు

తొమ్మిదో తీగ బుధవారం ఉదయం పది గంటల ఏడు నిమిషాలకు తెగింది.

పెద్ద చప్పుడేం కాదు. వేడి నూనెలో ఒక్క ఆవగింజ చిట్లినంత. అయినా గదిలో ఉన్న నలుగురూ ఒకేసారి తలలెత్తారు. ఇసొబె కంప్యూటర్ తెర చూసి "ఇరవై ఆరో వరస" అంది. మొదటి తీగకి అందరూ అయ్యో అన్నారు. మూడోదానికి వైరు చుట్టల తాలూకు కాగితాలు తిరగేశారు. ఆరోదానికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తొమ్మిదోదానికి ఇసొబె నంబరు రాసుకుంది, అంతే.

గది మధ్యలో ఉక్కు బల్ల మీద చాంబర్ పడుకుని ఉంది. రెండు మీటర్ల పొడవు పీపా. రెండు చివర్లా అల్యూమినియం పళ్లేలు, పళ్లేల నిండా సూదిబెజ్జాలు, ఈ పళ్లెం నుంచి ఆ పళ్లేనికి బిగలాగి కట్టిన వేల తీగలు. బంగారు పూత పూసినవి కొన్ని, వెండి పూత పూసిన అల్యూమినియంవి ఆరువేల రెండు వందలు. అణువుల లోపలి రేణువులు ఢీకొని చెల్లాచెదురైనప్పుడు ఏది ఏ దారిన పోయిందో పసిగట్టేది బంగారు తీగ. దాని చుట్టూ గోడల్లా నిలబడి దానికో చిన్న గది కట్టిపెట్టేవి వెండి తీగలు. ఆ రేణువులను పరుగెత్తించే యాక్సిలరేటర్ జోరు పెంచుతున్నారు గనక పాత చాంబర్ చూపు ఇక ఆనదని దాన్ని ఊడదీసి గోదాములో పెట్టారు. దాని చోటులో ఇది జూన్ ఇరవై నాలుగున అయస్కాంతం కడుపులోకి పోవాలి. పోయిందంటే ఆరేళ్ల దాకా మనిషి చెయ్యి దానికి తగలదు.

ఇవాళ పన్నెండో తారీకు.

ఒక వెండి తీగ పోతే కొంప మునగదు. కానీ తెగిన తీగ ఊరుకోదు. స్ప్రింగులా చుట్ట చుట్టుకుని పక్కనున్న బంగారు తీగ మీద పడుతుంది. పడితే ఆ వరస మొత్తానికి కరెంటు ఆపెయ్యాలి. చాంబర్ బయట ఉన్నంతకాలం కొక్కెం పెట్టి ఆ ముక్కను లాగి పారెయ్యొచ్చు. లోపలికి పోయాక తెగితే ఇక చేసేదేం లేదు.

"సొమెయా గారూ, మీరే కాస్త," అన్నాడు కురొసు. ఈ చాంబర్ పనికి పెద్ద ఆయనే. వచ్చే మార్చికి రిటైరవుతాడు.

సొమెయా చిజురు అప్పటికే కొక్కెం కడ్డీ అందుకుంది. ఆమెకు యాభై నాలుగేళ్లు. ఈ ల్యాబ్‌లో ఆమెది పార్ట్‌టైమ్ పని. అంతకు ముందు ఇరవై రెండేళ్లు, పట్టుకు పేరుపడ్డ యూకి ఊళ్లో అత్తవారింట పట్టుదారం తీసింది. దారం గిరాకీ సన్నగిల్లాక, తీగలు గుచ్చే ఆడవాళ్లు కావాలన్న ప్రకటన చూసి ఇక్కడికొచ్చింది. పరీక్ష పెట్టిన రోజు మిగతావాళ్లు పన్నెండు తీగలు గుచ్చితే ఆమె నలభై గుచ్చింది. ఆ రోజు నుంచి విదేశాల వాళ్లెవరొచ్చినా కురొసు ఆమెను చూపించి "యూకి చేతులు" అని మురిసిపోయేవాడు.

పధ్నాలుగు నెలలు గుచ్చారు. అప్పట్లో చాంబర్ నిలబెట్టి ఉండేది. పైన నిచ్చెన మీద ఆమె జట్టుమనిషి నెమొతొ తొషియె తీగ కొసకు ఇనప నలుసు కట్టి బెజ్జంలోంచి వదిలేది. కింద ముక్కాలిపీట మీద చిజురు అయస్కాంతంతో ఆ నలుసును పట్టుకుని, తీగను వేళ్ల మధ్య సాఫు చేసి, కింది బెజ్జంలోంచి లాగి, తూకపు గుండు వేలాడదీసి, పిన్ను నొక్కి బిగించేది. ప్రతి తీగకూ పుస్తకంలో ఒక గీటు: నంబరు, తారీకు, పై చెయ్యి ఎవరిది, కింది చెయ్యి ఎవరిది. రెండో జట్టు ఆడవాళ్ల గడువు మార్చిలో తీరిపోయింది. చిల్లర పనులకని వీళ్లిద్దర్నీ మాత్రం ఉంచారు. ఇప్పుడు ఆ చిల్లర పని తెగినవాటిని ఏరడం.

తొమ్మిదోదాన్ని తీసేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఇసొబె ఆ ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు తల ఎత్తలేదు. ముప్పై మూడేళ్ల శాస్త్రవేత్త, ఏదైనా రుజువయ్యేదాకా పెదవి విప్పదు. మధ్యాహ్నానికి విప్పింది. తెగిన కొస దగ్గర తెల్లటి పొక్కు ఉందనీ, అందులో ఉప్పు ఉందనీ చెప్పింది. వెండి పూత ఎక్కడో గీసుకుపోయి, అక్కడ ఉప్పు చేరి, వానాకాలం చెమ్మ తగిలి, లోపలి అల్యూమినియాన్ని తినేసింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. తొమ్మిదీ ఒకే చోట తెగాయి. కింది పళ్లేనికి సరిగ్గా జానెడు పైన.

ఒకే చోట అనేసరికి కురొసు ఆలోచన వైరు ఫ్యాక్టరీ మీదికి పోయింది. తీగను సాగదీసే యంత్రంలో ఏదో దవడ మురికిగా ఉండాలి, అది పట్టుకున్నచోటల్లా గీత పడి ఉండాలి. అదే నిజమైతే ఆరువేల రెండు వందల తీగలూ నమ్మదగ్గవి కావు, చాంబరే నమ్మదగ్గది కాదు. పాతదాన్నే మళ్లీ గోదాములోంచి తెచ్చి పెట్టాలి. పదిహేడో తారీకు సోమవారం కమిటీకి ఏదో ఒకటి చెప్పి తీరాలి. కురొసు నగానొలోని ఆ వైరు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. ఫోన్‌లో ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాద వింటూ చిజురు తుడిచిన కొక్కెం కడ్డీనే మళ్లీ తుడిచింది.

భోజనాల దగ్గర తొషియె తన సిద్ధాంతం తాను చెప్పింది. సముద్రం నలభై కిలోమీటర్లే కదా, ఉప్పుగాలి దూరి ఉంటుందట.

"నలభై కిలోమీటర్లు వచ్చి, ఇన్ని గోడలు దాటి, నేరుగా నీ తీగ దగ్గరే కూచుందా అక్కా ఆ గాలి?" అంది చిజురు.

"నా తీగేంటే? నేను పైనుంచి వదిలేదాన్ని మాత్రమే. పట్టుకునేది నువ్వు. పిల్లని కన్నది నేనే గానీ పాడుచేసింది నువ్వు."

ఇద్దరూ నవ్వుకున్నారు. తొషియెకు అరవై ఒకటి, నోటికి తాళం లేని మనిషి. ఆ మాట ఆమె మరునిమిషంలోనే మరిచిపోయి అన్నంలో నత్తో, ఆ పులిసిన సోయా గింజలు, కలుపుకుంది.

గురువారం ఉదయం పదోది తెగింది.

చిజురు కొక్కెం లోపలికి పోనిచ్చింది. తెగిన కొస బెజ్జం దాకా వచ్చింది. దాన్ని వేళ్లతో అందుకోబోయే ముందు ఆమె కుడిచేతి బొటనవేలు తనంతట తానే పైకి లేచి, కింది పెదవి ఉండే చోట మాస్కు గుడ్డకు తగిలి ఆగింది.

ఎదురుగా పళ్లెం అద్దంలా మెరుస్తోంది. అందులో ఆమె మాస్కు కనిపించింది. పెదవి దగ్గర చిన్న బూడిదరంగు మరక ఉంది.

ఎప్పటి నుంచి ఉందో ఆ మరక. రోజూ కొత్త మాస్కు వేసుకుంటుంది, రోజూ మరక పడుతుంది, రోజూ సాయంత్రం చెత్తబుట్టలో వేస్తుంది.

యూకి దారాన్ని మెలిపెట్టరు. పట్టుదూదిలోంచి వేళ్లతో లాగుతూ, ఉమ్మి తడితోనే పోగును పోగుకు అంటిస్తారు. నీళ్లు పనికిరావు, జిగురు పనికిరాదు, ఉమ్మే కావాలి. పెళ్లయిన మూడో రోజు నుంచి అత్తగారు ఆమె నోటిని చూసుకుంటూ కూర్చునేది. దారం తీసే పొద్దున ఉప్పుచేప ముట్టనిచ్చేది కాదు, దారం పెళుసెక్కుతుందని. అది ఆవిడ చాదస్తమే అని చిజురు అప్పట్లో అనుకుంది. ఇరవై రెండేళ్లలో ఆ వేలు ఎన్ని లక్షలసార్లు పెదవికి వెళ్లొచ్చిందో. సన్నటి పోగు కనిపిస్తే చాలు, వెళ్తుంది.

కానీ ఇక్కడ మాస్కు ఉంటుంది కదా. ఎప్పుడూ ఉంది కదా.

లేదు. నవంబరులో చలి మొదలయ్యాక కింది పీట మీద కూర్చున్నవాళ్ల ఊపిరి మాస్కు పైనుంచి తన్నుకొచ్చి భూతద్దాలకు ఆవిరి పట్టేది. తీగ కనిపించేది కాదు. అప్పుడు కురొసే, కింద కూర్చునేవాళ్లు మాస్కు గడ్డం కిందికి దించుకోవచ్చన్నాడు. ఫిబ్రవరి చివర వేడిగాలి యంత్రం బిగించాక మళ్లీ పైకి ఎక్కించమన్నాడు. ఆ నాలుగు నెలలూ ఆమె నోటికి అడ్డం లేదు.

ఆమె పదోదాన్ని తీసి, గాజు గిన్నెలో పెట్టి, పుస్తకం తెచ్చుకుంది. తెగిన పది నంబర్లూ వెతికింది. డిసెంబరు, జనవరి, జనవరి, నవంబరు, ఫిబ్రవరి. కింది చెయ్యి: సొ. సొ. సొ. మధ్యలో ఒక్కచోటైనా రెండో జట్టు మనిషి పేరు దొరుకుతుందేమోనని వేలితో గీత వెంట వెళ్లింది. దొరకలేదు. ఆ నాలుగు నెలల్లో ఆమె కింద కూర్చుని బిగించినవి లెక్కపెట్టింది. ఇరవై రెండో వరస నుంచి ముప్పై ఒకటో వరస దాకా ఆరు వందల నలభై.

చెప్పాలా వద్దా అని ఆలోచించడానికి ఆమెకు పెద్దగా టైము దొరకలేదు. ఇసొబె తలుపు తీసి, ఆ పదో ముక్కను మీటింగు గదికి తెమ్మంది. ఫ్యాక్టరీ ఆయన వచ్చాడట.

మొరొజుమి నగానొ నుంచి తెల్లవారుజాము రైలుకు బయలుదేరి వచ్చాడు. అరవై ఏడేళ్లు, పెళ్లికి తొడుక్కునే నల్ల సూటు. చిజురు లోపలికి అడుగుపెట్టేసరికి ఆయన నడుము దాకా వంగి ఉన్నాడు. బల్ల మీద అక్రోటు మిఠాయి పెట్టె, దాని చుట్టూ పట్టుగుడ్డ మూట. క్షమాపణకు తెచ్చే మిఠాయిని ఎవరూ వెంటనే విప్పరు. ఆయన వంగినవాడు వంగినట్టే ఉండి, యంత్రాలు ఆపేశాననీ, ఐదుగురు పనివాళ్లనీ ఇంటికి పంపాననీ, వైరును ఏడుసార్లు కడిగినా ఉప్పు మిగిలిందంటే తప్పు తనదేననీ చెప్పుకుపోతున్నాడు. ఎదురుగా కురొసు కూడా వంగే ఉన్నాడు. ఎవరు ముందు లేవాలో ఇద్దరికీ తెలియడం లేదు.

చిజురు గాజు గిన్నెను బల్ల మీద పెట్టింది.

"ఆ ఉప్పు వైరుది కాదండీ," అంది. "నాది."

ఇద్దరూ ఒకేసారి లేచారు.

ఆమె చెప్పింది. దారం సంగతి, మాస్కు సంగతి, పుస్తకం సంగతి, ఆరు వందల నలభై సంగతి. చెబుతున్నంతసేపూ చేతులు వెనక పెట్టుకుంది.

"నోట్లో పెట్టుకుని..." అని మొరొజుమి మాట మధ్యలో ఆపేశాడు. ఆయన మెడ మెల్లగా ఎర్రబడింది. "నేను నిన్న మా వాళ్లందర్నీ నిలబెట్టి తిట్టాను. నలభై ఏళ్లుగా నా దగ్గరున్న మనిషి కూడా తలొంచుకుని తిట్లు తిన్నాడు."

"క్షమించండి," అంది చిజురు.

"మీరు వంగకండి. వంగి వంగి నా నడుం పోయింది, ఇంకొకరు వంగితే చూడలేను." ఆయన టోపీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, మిఠాయి పెట్టె వైపు చూసి, తిరిగి తీసుకోవడం బాగుండదనుకున్నాడేమో, అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ పెట్టెను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. తప్పు లేని మనిషి తెచ్చిన క్షమాపణ మిఠాయి తినొచ్చా? చివరికి తొషియె విప్పి, మిఠాయికేం తెలుసు పాపం అంటూ తలా ఒకటి పెట్టింది.

కురొసు చిజురును కోప్పడలేదు. మాస్కు దించమన్నది తానేనని ఒక్క ముక్క అని, నివేదికలో అదే రాస్తానన్నాడు. ఆయన గట్టిగా నాలుగు అరిచి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అరుపులు తిని, ఏడ్చి, రేపటి నుంచి రావొద్దంటే ఇంటికి పోవచ్చు. ఆయన అరవలేదు. "సొమెయా గారూ, ఇప్పుడు మీరు లేకపోతే మేం ఏదీ తీయలేం కదా," అన్నాడు నీరసంగా.

ఇసొబెకు మాత్రం రుజువు కావాలి. తీగ ముక్కలు పది తెచ్చి పెట్టి, మీరు అప్పుడు చేసినట్టే ఒకసారి చేయండి అంది. ముగ్గురు నిలబడి చూస్తున్నారు. చిజురు మాస్కు దించింది. ఇన్నేళ్లూ ఎవరి అనుమతీ అడక్కుండా వెళ్లిన వేలు ఇప్పుడు కదలనంది. పెదవికి ఎంత తగలాలో, ఎంత తడి ఉండాలో గుర్తు రావడం లేదు. రెండుసార్లు తప్పు చేసింది. మూడోసారి కళ్లు మూసుకుంటే కుదిరింది. ఆ ముక్కలకు గుండ్లు వేలాడదీసి చెమ్మ నింపిన గాజు జాడీలో పెట్టారు. శుక్రవారం పొద్దున చూస్తే రెండింటి మీద తెల్లటి పొక్కులు లేచాయి. ఒకటి తెగి గుండు అడుగున పడి ఉంది.

మంచి వార్త ఒకటే: మిగతా ఐదున్నర వేల తీగలకూ ఏ ఢోకా లేదు. చాంబర్‌లోకి అప్పటికే చెమ్మ లేని నైట్రోజన్ వాయువు పంపడం మొదలుపెట్టారు కాబట్టి పొక్కులు కొత్తగా పెరగవు. ఉన్న పొక్కులు మాత్రం మానవు. బరువు లాగుతూనే ఉంటుంది. పొక్కున్న తీగ రేపు తెగొచ్చు, నాలుగేళ్లకు తెగొచ్చు, అసలు తెగకపోవచ్చు. ఆరు వందల నలభైలో పొక్కున్నవి ఏవో బయటి నుంచి తెలుసుకునే దారి లేదు. తీగను మీటి శ్రుతి వింటే బిగువు తెలుస్తుంది తప్ప గాయం తెలియదు.

"అన్నీ తీసేస్తాను. నేను కట్టినవి నేనే తీస్తాను," అంది చిజురు.

ఇసొబె బోర్డు మీద లెక్క వేసి చూపించింది. ఒక తీగను రెండు వైపులా పిన్నులు కోసి, వంకర పోకుండా బిగువు మీదే పట్టుకుని, బెజ్జంలోంచి ఇవతలికి లాగి, ఆ బెజ్జానికి బిరడా పెట్టి అంటించాలి. ఎంత లేదన్నా ఇరవై నిమిషాలు. రోజంతా చేస్తే పాతిక. పది రోజుల్లో సగం కూడా కావు. పైగా పక్కపక్కనున్న రెండు తీగలు తీస్తే ఆ గదికి గోడ కూలినట్టే, బంగారు తీగ గుడ్డిదైపోతుంది. రెండింటిలో ఒకటి తీస్తే గది వంకరగానైనా నిలబడుతుంది.

"రెండింట్లో ఏది తియ్యాలి?"

"ఏదైనా ఒకటేనండి," అంది ఇసొబె. తర్వాత గొంతు తగ్గించి, "మీకు ఏది తోస్తే అది," అంది.

చిజురు పుస్తకం తెరిచి ఇరవై రెండో వరస పేజీ తీసింది.

శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెట్టారు. ఈ చివర చిజురు, ఆ చివర తొషియె. మధ్యలో రెండు మీటర్ల తీగల అడవి. తొషియె పిన్ను కోసి "వదిలా" అనగానే చిజురు ఊపిరి బిగబట్టి లాగేది. వెలుగులో మెరుస్తూ తీగ బయటికొచ్చేది. అందులో లోపం ఉందో లేదో కంటికి తెలియదు. మొదటి ఇరవైనీ ఇసొబె మైక్రోస్కోపు కింద చూసింది. పదిహేడు నిక్షేపంలా ఉన్నాయి. మూడింటికి పొక్కులు. ఆ లెక్క తనకు ఇంక చెప్పొద్దని చిజురు చేతులు జోడించింది. ఒక్క పొక్కు కోసం ఆరు మంచి తీగలను పీకుతున్నానని తెలిస్తే చెయ్యి వణుకుతుంది. వణికితే పక్కవి పోతాయి.

తొషియె మాత్రం నోరు మూయలేదు. "పెళ్లి చేసినవాళ్లమే విడాకులు ఇప్పిస్తున్నాం చూడు," అనేది. ఎడమదా కుడిదా అని చిజురు తటపటాయిస్తుంటే "బొమ్మా బొరుసా వేద్దామా?" అనేది. ఒకసారి చిజురు కసిరింది. తొషియె అవతలి చివర నుంచి మామూలు గొంతుతో అంది: "నేను మాట్లాడకపోతే నీకు తీగ తెగే ఆ టిక్కు చప్పుడు వినిపిస్తుందే. అందుకే వాగుతున్నాను. లేకపోతే నాకేం సరదానా?"

సోమవారం కమిటీ ముందు కురొసు ఒక్కడే వెళ్లాడు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చి, చాంబర్ లోపలికి పోతుందని చెప్పాడు. ఎవరూ సంతోషించలేదు. పోకూడదన్నా సంతోషించేవాళ్లు కాదు.

బుధవారం ఇరవై తొమ్మిదో వరసలో చిజురు ఎడమ తీగను తీసింది. గురువారం పొద్దున వచ్చేసరికి దాని పక్కనున్న కుడి తీగ తెగి పడి ఉంది. రెండూ పోయాయి, ఆ గది గుడ్డిదైంది. ఆమె ఆ బెజ్జాల ముందు చాలాసేపు నిలబడింది. ముందు రోజు ఇదే చోట ఆమె చెయ్యి మొదట కుడి తీగ మీదికే వెళ్లింది. ఎందుకు మార్చుకుందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. కారణమేమీ లేదు. తల తిప్పినప్పుడు దీపం వెలుగు ఎడమదాని మీద పడిందంతే.

"ఇరవై నిమిషాలు అయిపోయాయే," అంది తొషియె అవతలి నుంచి.

చిజురు తర్వాతి నంబరు చదివింది.

చేతులు అలవాటు పడే కొద్దీ తీగకు పదిహేడు నిమిషాలకు దిగారు. ఇసొబె బిరడాలు అంటించే పని అందుకుంది. కురొసు అన్నం పొట్లాలు తెచ్చి గది బయట పెట్టి వెళ్లేవాడు. తలుపు అద్దంలోంచి ఒక నిమిషం చూసేవాడు. లోపలికి వస్తే అడ్డమని వచ్చేవాడు కాదు. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆయన తలుపు తీసి, చాలు, ఇక మూత బిగించాలి అన్నాడు.

"ఇంకొక్కటి," అంది చిజురు.

"సొమెయా గారూ."

"చేతిలో ఉన్నది సార్. పిన్ను కోసేశాం."

అది తీసే దాకా ఆయన నిలబడ్డాడు. అది రెండు వందల ఆరోది. తమంతట తాము తెగినవి పధ్నాలుగు. మిగిలినవి నాలుగు వందల ఇరవై. ఆ నాలుగు వందల ఇరవై వైపు చూద్దామంటే అవి మిగతా వేల తీగల్లో కలిసిపోయాయి. పుస్తకం చూస్తే తప్ప ఏది తనదో ఆమెకే తెలియదు.

ఇరవై నాలుగున వాన. చాంబర్‌ను గుడ్డ చుట్టిన బండి మీద హాలులోకి తెచ్చి, పట్టాల మీద పెట్టి, గంటకు అర మీటరు చొప్పున అయస్కాంతంలోకి నెట్టారు. పసుపు గీత అవతల నిలబడమన్నారు కాబట్టి చిజురు అవతలే నిలబడింది. నాలుగు గంటలు. పళ్లెం అంచు చీకట్లోకి పోయి, మూత మీద మూత పడి, బోల్టులు బిగుస్తుంటే తొషియె ఆమె మోచెయ్యి పట్టుకుని, రా టీ తాగుదాం అని లాక్కుపోయింది.

రెండు రోజుల తర్వాత మొదటిసారి కరెంటు ఎక్కించారు. కంట్రోలు గది నిండా జనం. తెర మీద యాభై ఆరు వరసలకు యాభై ఆరు చిన్న గడులు, ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారుతూ వచ్చాయి. ఇరవై రెండు. ఇరవై మూడు. చిజురు గోడకు ఆనుకుని నిలబడింది. ఇరవై ఆరు. ముప్పై. ముప్పై ఒకటి. ఆమె ఊపిరి వదిలింది. అన్నీ పచ్చబడ్డాయి. ఎవరో మెల్లగా చప్పట్లు మొదలుపెడితే కురొసు చెయ్యెత్తి ఆపాడు.

నలభై నిమిషాలు ఏమీ కాలేదు. నలభై ఒకటో నిమిషంలో ఇరవై ఏడో గడి ఎర్రబడింది.

ఇసొబె కరెంటు తగ్గించి మళ్లీ ఎక్కించింది. ఎర్రబడింది. మూడోసారి కూడా. ఆమె కురొసు వైపు చూసింది. ఆయన తలూపాడు. ఆమె ఆ వరసను ఆపేసింది. ఎరుపు పోయి గడి నల్లబడింది.

"నాదేనా?" అని అడిగింది చిజురు.

"చెప్పలేమండి," అంది ఇసొబె. "ఆ వరసలో మీవి నలభై నాలుగున్నాయి. కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. లోపలికి చూస్తే తప్ప తెలియదు."

ఆరేళ్లు.

ఒక పావుగంటకు ఆకాశంలోంచి ఏదో రేణువు వచ్చి చాంబర్‌ను అడ్డంగా కోసుకుంటూ పోయింది. తెర మీద చుక్క పక్కన చుక్కగా వంపు తిరిగిన గీత పడింది. గది చప్పట్లతో హోరెత్తింది. ఈసారి కురొసు కూడా ఆపలేదు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. యాభై ఐదు వరసలు పనిచేస్తున్నాయి. కుర్రవాళ్లు ఫోన్లతో ఆ గీతను ఫోటోలు తీసుకుంటున్నారు. తొషియె కూడా తీసింది, మనవరాలికి పంపాలని. గీత మధ్యలో ఒక చుక్క లేదు. లేదని తెలిసినవాళ్లకే కనిపిస్తుంది.

జనం పల్చబడ్డాక చిజురు ఇసొబె కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి, రేపు కరెంటు ఎన్నింటికి ఎక్కిస్తారని అడిగింది.

"ఎనిమిదింటికి. ఎందుకండీ? మీ పని అయిపోయిందిగా, ఈ వారం సెలవు తీసుకోమన్నారు సార్."

"వస్తాను."

"వచ్చి..." ఇసొబె తెర మీంచి చూపు తిప్పుకుంది. "ఇక్కడ మీరు చేసేదేం లేదు సొమెయా గారూ. మేం చేసేదీ ఏం లేదు. చూస్తూ కూచోవడమే."

"తెలుసు," అంది చిజురు. "ఎనిమిదికి అన్నారు కదా. ఏడున్నరకల్లా వస్తాను."